మూత పెట్టిన గంజికుండ

“తలుపెయ్యి. గొళ్ళెం కూడా పెట్టు,” అంది సుందరవల్లి.

గుహన్ గొళ్ళెం పెట్టాడు. అయినా కంపు ఆగలేదు. తలుపు సందుల్లోంచీ కిటికీలోంచీ లోపలికి వస్తూనే ఉంది. నాలుగేళ్ళ ధరణి అవ్వ కుచ్చెళ్ళలో ముఖం దాచుకుని అక్కడే వాంతి చేసుకుంది.

ఆ కంపు తెలియని మనిషి ఇంట్లో ఒక్కడే. అతను గోడకు ఆనుకుని కూర్చుని, గంజి అంటిన కుంచెను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

“పువ్వు మాదిరి ఉండాది గంజి,” అన్నాడు కుప్పయ్య. “వీళ్ళకేం పుట్టింది?”



పొదటూరుపేటలో ఆ వీధిలో ఇంకా చేతిమగ్గాలు ఆడుతున్నాయి. ఒక ఇంటి పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలు, వీధిలో సాచి గంజి పెట్టాలంటే ఇంటికొక మనిషి వస్తాడు. రేపు వాళ్ళ పడుగుకు ఈ ఇంటి మనిషి పోతాడు. పిలుపులు లేవు, కూలి లేదు. ఆ చేతులు రాకపోతే మాత్రం మగ్గం లేదు.

పులియబెట్టిన గంజి పక్వానికి వచ్చిందో లేదో చెప్పేది కుప్పయ్య ముక్కు. నలభై ఏళ్ళుగా వీధి వీధంతా తమ కుండలు తెచ్చి ఆయన ముందు పెడుతుంది. ఆయన మూత తీసి ఒక్కసారి పీల్చి “ఇంకో పూట” అంటాడు, లేదా “ఊ, పెట్టుకోండి” అంటాడు. ఆ మాటకు తిరుగులేదు.

అలాంటి కుప్పయ్య ఈ తెల్లవారుజామున ఎనిమిది మంది చూస్తుండగా, కుళ్ళి పురుగు పట్టబోతున్న తన సొంత గంజిని కుంచెతో తీసి సొంత పడుగుకు పూశాడు. పక్కింటి సెల్లమ్మ మొదట కక్కుకుంది. మిగతా వాళ్ళు తువ్వాళ్ళూ కొంగులూ ముక్కులకు అదుముకుని వెనక్కి జరిగారు. ఆయన మాత్రం నవ్వుతూ పూస్తూనే ఉన్నాడు.

ఎలక పడిందని అప్పటికప్పుడు అల్లింది సుందరవల్లి. కుండలో ఎలక పడింది, రాత్రే చూశాను, చెప్పడం మరిచాను, పడుగు ఆరిపోతుందని ఆయన కంపు ఓర్చుకుని పూస్తున్నాడు అంది. వీధి ఊపిరి పీల్చుకుంది. ఎలకకు ఎవరూ భయపడరు.

“ఎలక యాడ పడింది అత్తా?” అంది కోడలు కలైవాణి. ఆఫీసు చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని బయలుదేరబోతూ ఆగిపోయిన మనిషి ఆమె. “మూత తీసిందే నేను. మామకు రెండు దినాలుగా జ్వరం. ఇప్పుడు వాసన కూడా పోయింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తాము.”

“జ్వరం ఎవురికి? ఎండలో తిరిగినాడు, ఒళ్ళు కాగింది. దానికి జ్వరమని పేరు పెడతావా?”

“పేరు నేను పెట్టేదేముంది? ఆఫీసులో దినమూ రాసేది అదే గదా. ఇంట్లో ఎవురికైనా జ్వరం ఉన్నా, వాసన తెలీకపోయినా రావద్దంటారు. చెప్తే పద్నాలుగు దినాలు లీవిస్తారు. ఉద్యోగానికి ఏమీ కాదు. చెప్పకుండా పోతేనే తప్పు.”

“నీ ఉద్యోగానికి ఏమీ కాదు,” అంది సుందరవల్లి నిదానంగా. “మా మగ్గానికి?”

సుందరవల్లి ఆగకుండా ఉత్తరం దిక్కుకు చెయ్యి చూపించింది.

“ఉత్తరం వీధి జగన్నాథన్ ఇంటికి తగరం రేకులు కొట్టి మూసినారు. ఆయప్పను బండిలో ఎత్తుకపోయినారు, ముఖం కూడా చూపీలేదు. తగరం పీకి నెలయింది. ఈ దినానికీ వాళ్ళ పడుగు మీద ఒకరు చెయ్యి వెయ్యలేదు. మగ్గం గుంతలో కోడి గుడ్లు పెడతా ఉంది, పోయి చూడు.”

“బావా, నువ్వు చెప్పు,” అంది కలైవాణి మొగుడి వైపు తిరిగి.

గుహన్ గొళ్ళెం వంక చూశాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అమ్మకూ ఆలికీ మధ్య మాట వచ్చిన ప్రతిసారీ అతనికి ఇంట్లో ఏదో ఒక వస్తువు చూడవలసి వస్తుంది.

“రెండు దినాలు చూస్తాము కలై,” అన్నాడు చివరికి.

“చూసేదానికేముంది? తెచ్చిందే ఆమె,” అంది సుందరవల్లి. “దినమూ ఊరందరి కాయితాలూ ముట్టేది ఆమెనా, ఇంట్లో కూచుండే ఆయనా?”

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు పెద్దలు. ఏప్రిల్ నుంచి కలైవాణిని సాయంత్రం ఇంట్లోకి నేరుగా రానివ్వడం లేదు. పక్క సందులోంచి పెరట్లోకి పోయి, చన్నీళ్ళు తల మీదుగా పోసుకుని, చీర అక్కడే ఉతికి ఆరేసి వస్తేనే బిడ్డను ముట్టుకోవాలి. ఆమె కంచం వేరే, చెంబు వేరే. అంత మడి కట్టిన ఇంట్లో జ్వరం నడిమింట్లో చాప వేసుకుని పడుకుంది. దాన్ని ఎవరూ స్నానం చేసి రమ్మనలేదు.

“సరే, నేను రాస్తాను,” అంది కలైవాణి. “మీరేమైనా అనుకోండి.”

“పోయి రాయి,” అంది సుందరవల్లి. గొంతు పెంచలేదు. “రాసినాక ఈ వాకిలి తొక్కొద్దు. బిడ్డ నా దగ్గర పడుకుంటాది. బిడ్డ ఆఫీసు కాయితం కాదు, సంచిలో వేసుకొని పోయేదానికి.”

ధరణి అవ్వ నడుము చుట్టూ చేతులు వేసుకుని తల్లిని చూస్తోంది. తల్లిని సాయంత్రం స్నానమయ్యాకే ముట్టుకోవాలని ఆ పిల్లకు బాగా నేర్పారు.

గుహన్ ఈసారి దూలం వంక చూశాడు.

అప్పుడు లేచాడు కుప్పయ్య. గొళ్ళెం తీసి, గడప దాటి పంచలో ఉన్న కుండ దగ్గరికి పోయి, మూత తీసి, ముఖం లోపలికి దూర్చినంత పని చేశాడు. ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తల ఎత్తేసరికి ముఖంలో నెత్తురు లేదు.

“నిజంగానే కంపు కొడతా ఉందా పాపా?” అని కోడలిని అడిగాడు.

ఆమె తల ఊపింది.

“ఎవురికీ చెప్పొద్దు,” అన్నాడాయన చేతులు జోడించి. “ముక్కు పోయిందని తెలిస్తే ఈ వీధిలో నేను దేనికి పాపా? చెప్పొద్దు.”

అత్త బెదిరింపుకు లొంగని మనిషి మామ చేతులకు లొంగిపోయింది. ఏడున్నర బస్సు తప్పిపోతుందని ఆమె గబగబా నడిచింది.

కుండను పారబోయడానికి లేకపోయింది. పారబోస్తే ఎలక ఏదని అడుగుతారు. అందుకని గుహన్ దాన్ని పెరట్లో, స్నానం చేసే చప్టా పక్కన పెట్టి, మూత వేసి, మూత మీద రాయి పెట్టాడు.

*

తిరుత్తణిలో ఆమె పనిచేసే సర్కారు ఆఫీసు వాకిట్లో ఒక బల్ల, బల్ల మీద సానిటైజరు సీసా, నొసట పెట్టి వేడి చూసే యంత్రం, ఒక రిజిస్టరు. జిల్లా కేంద్రం తిరువళ్ళూరు నుంచి వచ్చిన సర్క్యులరును వెనక గోడకు అంటించింది కలైవాణే. ఊరు దాటడానికిచ్చే ఈ-పాసుల దరఖాస్తులు చూడటంతో పాటు ఈ రిజిస్టరు రాయడం కూడా ఆమె పనే.

ఇంట్లో జ్వరం ఉన్నవాళ్ళు రాకూడదు, చెప్పాలి. యాభై అయిదు దాటి చక్కెర జబ్బు ఉన్నవాళ్ళను పనికి పిలవకూడదు. మనిషికీ మనిషికీ ఆరడుగులు. కలిసి భోజనం చేయకూడదు. గోడ మీద అన్నీ ఉన్నాయి. గోడకు ఉంటే చాలునని ఆఫీసులో అందరి నమ్మకం.

ఆమె తన పేరు ఎదురుగా వేడి ఎంతో రాసింది. పక్క గడిలో ‘ఇంట్లో ఎవరికైనా’ అన్న ప్రశ్న కింద అరవంలో ‘ఇల్లై’, లేదు, అని రాసింది. నాలుగు నెలలుగా రాస్తున్న మాటే కాబట్టి దానంతటదే వచ్చేసింది. ఇంత సులువా అని ఆమెకు భయం వేసింది.

“నాకూ రాసెయ్యి పాపా,” అని బొటనవేలు చాచింది మునెమ్మ.

మునెమ్మ ఊడ్చే మనిషి, కాంట్రాక్టు మీద. యాభై ఏడేళ్ళు. చక్కెర జబ్బుకు పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. జూన్‌లో ఆ సర్క్యులరు చదివి వినిపించింది కలైవాణే. మునెమ్మ ఆశగా సూపరింటెండెంటు మురళీధరన్ దగ్గరికి పోయింది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “ఆ రూలు స్టాఫుకమ్మా. నువ్వు స్టాఫా?” అని మర్యాదగానే అడిగాడు. మందపు మాస్కులు కూడా స్టాఫుకే వచ్చాయి. మునెమ్మకు ఒక గుడ్డ మాస్కు ఇచ్చారు. దాన్నే ఆమె రోజూ రాత్రి ఉతికి పొద్దున కట్టుకుని వస్తోంది.

ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడే మనుషులు వీళ్ళిద్దరే. రెండేళ్ళుగా మధ్యాహ్నం రికార్డు గది వెనక వసారాలో కూర్చుని కలిసి తింటున్నారు. ఆ రోజు కలైవాణి తన డబ్బా తీసుకుని దూరంగా మెట్ల మీద కూర్చుంది.

“ఏం పాపా, అంత దూరం పోయినావు?”

“రూలు అక్కా. ఆరడుగులు.”

“రూలు మార్చి నుంచీ గోడకు ఉండాది గదా. ఈ దినం కనబడిందా నీకు?”

కలైవాణి అన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

మునెమ్మ చేతిలోని సంగటి ముద్దను గిన్నెలోకి జారవిడిచింది. “పరవాలేదులే. ఊడ్చే చెయ్యి గదా. సూపరిండెంటు నా చేతి నీళ్ళు తాగడు, ఆయప్ప మీద నాకేమీ కోపం లేదు. నువ్వు తాగుతా ఉంటివని మనసు కొంచెం అలవాటు పడింది.”

“అది కాదు అక్కా.”

“మరింకేంది?”

మా మామకు జ్వరం. మూడు మాటలు. మూడు మాటలు చెబితే మునెమ్మ నవ్వి, ‘ఓ అదా’ అని తనే ఇంకో ఆరడుగులు జరిగేది. ఆ మూడూ గొంతు దాకా వచ్చి, అక్కడ మామ జోడించిన చేతులను చూసి ఆగిపోయాయి. కక్కలేక మింగలేక కూర్చున్న కలైవాణి, మునెమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి లేచింది. వచ్చి పక్కన కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి, మునెమ్మ గిన్నెలో చెయ్యి పెట్టింది.

“తిను తిను,” అని నవ్వింది మునెమ్మ. “ఎముకలు కనబడతా ఉండాయి.”

*

బుధవారానికి కుప్పయ్య జ్వరం దిగింది. నేలవేము కషాయం తాగాడు, గుక్కెడు రసం తాగాడు, గురువారం తిన్నె మీద కూర్చున్నాడు.

“చూసినావా?” అంది సుందరవల్లి కోడలితో. “నీ మాట విని ఉంటే ఈపాటికి తగరం వెనకాల ఉండేవాళ్ళము.”

ముక్కు మాత్రం రాలేదు. కాని ఆయన నేర్చుకున్నాడు. అన్నం ముందు కూర్చోగానే “పులుసులో ఇంగువ ఎక్కువైంది” అంటాడు. మల్లెపూలు అమ్ముకుంటూ పోయే మనిషిని చూసి “అబ్బా, ఏం వాసన” అంటాడు. సుందరవల్లి పక్కనుంచి కళ్ళతో అందిస్తూ ఉంటుంది. నలభై ఏళ్ళ ముక్కు ఇప్పుడు పెళ్ళాం కళ్ళ మీద బతుకుతోంది.

పెరట్లో గంజికుండ మాత్రం ఎవరి మాటా వినలేదు. సోమవారం, మంగళవారం, బుధవారం సాయంత్రాలు కలైవాణి దాని పక్కన స్నానం చేయడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. ఉతికిన చీర ఆరేది కూడా దాని మీదుగా కట్టిన తాడు మీదే.

గురువారం సాయంత్రం కంపు లేదు. అత్త అందులో సున్నం వేసినట్టుంది అనుకుంది కలైవాణి. నాలుగు రోజుల్లో మొదటిసారి కొంగు నోట్లో కుక్కుకోకుండా స్నానం చేసింది. ఆ రాత్రి ధరణిని పక్కలో వేసుకుని, ఇంక పీడ విరగడైందని హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వసారాలో మునెమ్మ ముక్కు చిట్లించింది.

“నీ చీరకేందో అంటుకుంది పాపా. కుళ్ళు కంపు.”

కలైవాణి పైట చెంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. “ఏమీ లేదే అక్కా.”

“నాకు ఈడికి కొడతా ఉండాది.”

“ఇంట్లో గంజికుండ ఉండింది. దాని పక్కన ఆరేస్తాము. అదేమో.”

“నీకు అలవాటైపోయింది,” అని నవ్వి, మునెమ్మ తన గిన్నె ఆమె వైపు జరిపింది. “పట్టు. చింతచిగురు వేసినాను ఈ దినం.”

*

సోమవారం పొద్దున ఆఫీసులోకి ఎవరినీ రానివ్వలేదు. వీపుకు డబ్బా కట్టుకున్న మనుషులు గదులన్నిటా మందు కొడుతున్నారు. మురళీధరన్ బయట వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

“రామ్మా కలైవాణీ. కూర్చో. దూరంగా,” అన్నాడు. “ఆ ఊడ్చే మనిషి శనివారం సాయంత్రం మెట్ల దగ్గర పడిపోయింది. పాజిటివ్. ఆక్సిజన్ పెట్టారట.”

కలైవాణి కూర్చుంది. ఆయన చెబుతూ పోయాడు.

“రెండు రోజులు ఆఫీసు మూత. తిరువళ్ళూరుకు రిపోర్టు పోవాలి. ఎట్లా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని అడుగుతారు. నీ చేతిరాత బాగుంటుంది. రాసుకో.”

ఆమె ఒళ్ళో అట్ట పెట్టుకుంది. ఆయన ఒక్కొక్క మాటా నమిలి చెప్పాడు. సదరు కాంట్రాక్టు పనిమనిషి మాస్కు సరిగా ధరించేది కాదు.

“సార్, మాస్కు వేసుకునేది సార్. దినమూ ఉతికి వేసుకునేది.”

“అన్నం తినేటప్పుడు కూడా వేసుకునేదా?” అని అడిగాడు మురళీధరన్. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అన్నట్టు, ఎవరితో కలిసి తినేది ఆమె?”

వేపచెట్టు మీద కాకి ఒకటి అరిచింది. ఆయనకు తెలుసా, తెలియకుండానే అడిగాడా అన్నది కలైవాణికి ఆయన ముఖంలో దొరకలేదు.

“ఎవరితోనూ కాదు సార్,” అంది. “ఒక్కతే తినేది.”

“అట్లా చెప్పు. ఇంకొకరి పేరు వస్తే ఇంకొకరి ఇంటికి తగరం కొట్టాలి, మొత్తం స్టాఫుకు పరీక్షలు. ఎందుకు వచ్చిన తలనొప్పి.” కళ్ళజోడు పెట్టుకున్నాడు. “రాయి. తన ఇంట్లో జ్వరం ఉన్న సంగతి దాచిపెట్టి, రిజిస్టరులో లేదని తప్పుడు మాట ఇచ్చి, తెలిసి తెలిసి పనికి వచ్చింది. కనుక కాంట్రాక్టు నుంచి తొలగించవలసిందిగా కోరడమైనది.”

కలైవాణి రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక కొట్టివేత లేదు. ఆ వాక్యంలో పేరొక్కటే తప్పు.

నాకు జ్వరం లేదు కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఒక్కరోజు కూడా ఒళ్ళు వెచ్చబడలేదు, దగ్గలేదు. మామ నుంచి నాకే రానిది, నా నుంచి ఆమెకు ఎట్లా పోతుంది? బజారులో వచ్చి ఉంటుంది, బస్సులో వచ్చి ఉంటుంది. రాసిన కాగితం ఆయన చేతికి ఇచ్చే దాకా ఆ మాటే పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత పాత ఫైళ్ళ లెక్క చూడమని పక్క ఆఫీసుకు పంపారు. సాయంత్రం తిరుగు బస్సులో ఉండగా ఫోను మోగింది. మునెమ్మ కూతురు యువరాణి.

“అక్కా, మా అమ్మ మాట్లాడలేకపోతా ఉంది గానీ సైగ చేసి చెప్పింది. ఒకటే చెప్పింది. పాప నా గిన్నెలో తినింది, నా వల్ల పాపకు వచ్చి ఉంటాది, బిడ్డ ఉండే ఇల్లు, వెంటనే పరీక్ష చేయించుకోమని చెప్పు అని.” యువరాణి ముక్కు ఎగబీల్చింది. “అదే పనిగా అడుగుతా ఉంది అక్కా. నీకు బాగుండాది గదా?”

“బాగుండాది,” అంది కలైవాణి.

“సామి చల్లగా చూసినాడు. అమ్మకు చెప్తా. ఆమెకు అదే దిగులు.”

బస్సు దిగే దాకా కలైవాణి ఫోను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. మాట్లాడటానికి కిందికి లాగిన మాస్కు మళ్ళీ పైకి ఎత్తలేదు.

*

వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. సెల్లమ్మ గొంతు అన్నిటికన్నా పైన ఉంది.

“వారం దినాలు ఓర్చుకున్నాము సుందరవల్లీ. గోడ దాటి మా వంటింట్లోకి వస్తా ఉంది. ఎలకైతే ఏనుగైతే ఏం, దాన్ని తీసి పారబోస్తారా, పేట పంచాయతీ ఆఫీసులో చెప్పి బ్లీచింగు పౌడరు కొట్టే వాళ్ళను పిలిపించల్నా?”

పౌడరు కొట్టే వాళ్ళనగానే సుందరవల్లి ముఖం మారింది. వాళ్ళు వస్తే వేడి చూసే యంత్రం కూడా తెస్తారు.

“పారబోస్తా ఉండాము సెల్లమ్మా. నువ్వు పిలవబోకు,” అంది. ఇప్పటికి లోపల ఎలక ఉందో లేదో వంగి చూసే మగాడు ఎవడూ లేడని ఆమెకు ధైర్యం. “గుహా, పట్టు.”

పక్క సందులో కుండ పట్టదు. ఇంటి నడుమ నుంచే వీధిలోకి తేవాలి. గుహన్ ముఖానికి తువ్వాలు బిగించి కుండకు ఒక వైపు పట్టుకున్నాడు. సుందరవల్లి కొంగు ముక్కుకు చుట్టుకుని రెండో వైపు పట్టుకుంది. కలైవాణి గడప పక్కన, మెట్టు మీద నిలబడిపోయింది.

గడప దగ్గర కుండ తూలింది. మూత జారి మెట్ల మీద పడి రెండు ముక్కలైంది.

వీధి మొత్తం ఒక్కసారిగా వెనక్కి పోయింది. ఎవరో కక్కుకున్నారు. తలుపులు పడ్డాయి. సెల్లమ్మ రెండు చేతులతో నోరూ ముక్కూ కప్పుకుని గోడ వైపు తిరిగింది. ధరణి కెవ్వుమని లోపలికి పరుగెత్తింది. తిన్నె మీద కూర్చున్న కుప్పయ్య పెళ్ళాం కళ్ళ వంక ఒకసారి చూసి, తువ్వాలు తీసి ముక్కుకు గట్టిగా అదుముకున్నాడు.

వీళ్ళందరూ ఏం చేస్తున్నారని అనిపించింది కలైవాణికి, ఒక్క క్షణం.

కుండ ఆమె మోకాలికి తగిలేటంత దగ్గరగా ఉంది. లోపల బూడిద రంగు గంజి మీద తెల్లటి పురుగులు తొక్కిసలాడుతున్నాయి. బుడగలు లేచి పగులుతున్నాయి. సున్నం పొడి ఆనవాలు ఎక్కడా లేదు. ఆమె వంగింది. పీల్చింది. మళ్ళీ పీల్చింది.

ఏమీ లేదు. మంచినీళ్ళ కుండ మీద వంగినట్టుంది.

గురువారం సాయంత్రం స్నానం గుర్తొచ్చింది. శుక్రవారం పైట చెంగు గుర్తొచ్చింది. నాకు ఈడికి కొడతా ఉండాది అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట అంటూ తన వైపు జరిపిన గిన్నె, అందులో తను పెట్టిన చెయ్యి, ఈ పొద్దున అదే చేత్తో రాసిన కాగితం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడ్డాయి. పట్టుకోవడానికి ఇంక ఏ మాటా మిగల్లేదు.

తల ఎత్తేసరికి సుందరవల్లి ఆమెనే చూస్తోంది. కొంగు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్ళు మొదట అర్థం చేసుకున్నాయి, తర్వాత బెదిరాయి, ఆ తర్వాత గట్టిపడ్డాయి. అంతా కుండ బరువు దించకుండానే జరిగిపోయింది.

“ముక్కు మూసుకో,” అంది సుందరవల్లి పెదవులు కదలకుండా.

“అత్తా, మునెమ్మ ఆస్పత్రిలో…”

“వీధి చూస్తా ఉండాది. మూసుకో.”

“నా వల్లే అత్తా.”

“లోపల బిడ్డ ఉండాది,” అంది సుందరవల్లి. “నీ వల్లో ఎవరి వల్లో తర్వాత. ముందు మూసుకో.”

గోడ వైపు తిరిగిన సెల్లమ్మ అప్పుడే ఇటు తిరిగింది. కుండ మీదికి వంగి, ముఖం మీద ఏ గుడ్డా లేకుండా నిలబడిన కోడలిని చూసింది. ఆమె చేతులు నెమ్మదిగా ముక్కు మీద నుంచి కిందికి దిగాయి.

“ఏం కలైవాణీ,” అంది. “నీకు కంపు కొట్టలేదా?”

వీధిలో మిగిలిన నలుగురూ తిరిగి చూశారు. గుహన్ కుండ అంచు వంక చూశాడు. తిన్నె మీద నుంచి కుప్పయ్య, తువ్వాలు ముక్కుకు పట్టుకునే, కోడలి వైపు ఇంకో చెయ్యి కొంచెం ఎత్తి బతిమాలుతున్నట్టు ఊపాడు.

కలైవాణి పైట చెంగు తీసింది. ముక్కు మీద పెట్టుకుంది. చాలదని తోచి ఇంకో మడత వేసి అదుముకుంది.

“కొడతా ఉండాది పెద్దమ్మా,” అంది. “ఓర్చుకోలేకుండా కొడతా ఉండాది.”